నాన్న పద్దుల పుస్తకం: ఒక్క జీతంతో అప్పుడు ఇల్లెలా గడిచింది?

1. హౌసింగ్ బోర్డు కాలనీ

సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే అటక మీద ట్రంకు పెట్టెలో నాన్న పద్దుల పుస్తకాలు దొరికాయి. ఎర్ర బైండువి, మొత్తం తొమ్మిది. నెలకో పేజీ. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ చేతిరాత చూడగానే కాసేపు కింద కూర్చుండిపోయాను.

1993 ఆగస్టు పేజీ ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. జీతం 2,640. హౌసింగ్ బోర్డు కిస్తీ 310. బియ్యం, పప్పులు, నూనె 620. పాలు 225. కరెంటు 58. గ్యాస్ 85. ఆర్టీసీ పాస్ 75. చిట్టీ 200. తాతయ్యకు మనియార్డరు 150. పిల్లల నోటుబుక్కులు 64. పోస్టాఫీసు ఆర్డీ 300. ఇంకా చిల్లర ఖర్చులు. అన్నీ పోను చివర్లో మిగులు 117 అని రాసి కింద రెండు గీతలు కొట్టారు.

నాన్న పదో తరగతి, ఐటీఐ. బాలానగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఇంజనీరింగ్ కంపెనీలో టర్నర్. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మాకో ఎల్‌ఐజీ (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే) ఇల్లు ఉండేది. ఇద్దరు పిల్లలం. ఆ ఇంటిని 2003లో అక్క పెళ్లికి అమ్మేశాం.

ఇప్పుడు నా సంగతి. ఎంకామ్ చదివాను, వయసు 46. ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో చేస్తున్నాను. చేతికి 68,000 వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 22,000. బాచుపల్లిలో కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు ఈఎంఐ 34,000. పెద్దవాడి ఇంటర్ 1,60,000, చిన్నదాని ఎనిమిదో తరగతి 95,000, అంటే నెలకు 21,000 పైనే. అమ్మ మందులు 4,500. ఇంటి సరుకులు, పాలు, కరెంటు కలిపి 20,000. పెట్రోలు 6,000. మిగిలే నాలుగు వేలు బంగారం తాకట్టు వడ్డీకి పోతున్నాయి. పోయినేడు అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బిల్లు 3,85,000 అయితే మా ఆవిడ గాజులు, గొలుసు తాకట్టు పెట్టాం.

నాన్న కంటే ఎక్కువ చదివాను. మా ఇంట్లో ఇద్దరం సంపాదిస్తున్నాం. తాగుడు, తిరుగుడు లేవు. మరి నాన్నకు ఒక్క జీతం మీద 117 రూపాయలు మిగిలింది, నాకెందుకు మిగలడం లేదు? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఈ ఫోరంలో లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

2. రాజమండ్రి ఆడిటర్

మంచి ప్రశ్న అడిగారు. ముందు మీ నాన్నగారి జీతాన్ని బంగారంలో చూద్దాం. 1993లో పది గ్రాములు నాలుగు వేల పైచిలుకు. అంటే ఆయన నెల జీతానికి ఆరు గ్రాములొచ్చేది. 2025లో పది గ్రాములు లక్ష దాటింది, అక్కడితో ఆగలేదు. లక్ష దగ్గరే లెక్కేసినా మీ 68,000కి ఏడు గ్రాములు కూడా రాదు. ఎంకామ్ చదివి ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు చేసిన మీ జీతం, ఐటీఐ టర్నర్ జీతం, బంగారంలో దాదాపు ఒక్కటే.

అయితే బంగారం ఒక్కటే కొలబద్ద కాదు. అప్పుడు కలర్ టీవీ కొనాలంటే మీ నాన్నగారికి నాలుగైదు నెలల జీతం పోసేయాలి. ఇప్పుడు మీకు వారం పది రోజుల జీతం చాలు. బట్టలు, ఫోను, ఫ్యాను, సైకిలు, ఇలా ఫ్యాక్టరీలో తయారయ్యేవి జీతంతో పోలిస్తే చవకయ్యాయి. స్థలం, చదువు, వైద్యం కొండెక్కాయి. మీ పద్దు మళ్లీ చూసుకోండి. మీ డబ్బు పోతున్నది ఈ మూడింటికే. మీ నాన్నగారి పేజీలో ఆ మూడూ ఎంతెంత ఉన్నాయి? కిస్తీ 310, నోటుబుక్కులు 64. వైద్యం పద్దు అసలు లేదు.

3. లెక్చరర్_వరంగల్

ఆడిటర్ గారి మాటకు దేశం లెక్క కొంత కలుపుతాను. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను.

2024 మార్చిలో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. నితిన్ కుమార్ భారతి, లూకా షాన్సెల్, థామస్ పికెటీ, అన్మోల్ సోమంచి రాశారు. 1922 నుంచి 2023 దాకా మన దేశంలో ఆదాయం, ఆస్తి ఎవరి చేతిలో ఎంత ఉందో కట్టిన లెక్క అది. 2022-23లో పైనున్న 1 శాతం మంది వాటా మొత్తం ఆదాయంలో 22.6 శాతం, ఆస్తిలో 40.1 శాతం. 1982లో ఆదాయంలో వీళ్ల వాటా 6.1 శాతమే. కింది సగం జనాభాకు వచ్చేది 15 శాతం. మధ్యలో ఉన్న 40 శాతం మందికి 27.3 శాతం.

ఆ మధ్య 40 శాతాన్ని కాస్త ఆగి చూడండి. వందమందిలో నలభై మంది ఉండి వందలో ఇరవై ఏడు రూపాయలు పంచుకుంటున్నారు. వాళ్ల పైనున్న పదిమంది 57.7 తీసుకుంటున్నారు. కేకు పెద్దదైంది, నిజమే. మధ్య వాళ్ల ముక్క మాత్రం దానితో పాటు పెరగలేదు.

ఇంకోటి ప్రభుత్వం తనంతట తాను రాసుకున్నది. 2024-25 ఆర్థిక సర్వేలో చూడండి. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. లాభాలు పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తున ఉన్నాయని అందులోనే ఉంది. టర్నర్ కష్టానికి, కంపెనీ లాభానికి మధ్య ఒకప్పుడున్న లంకె తెగిపోతోంది.

4. మానేరు తీరం

ఒక మాట చెప్పాలి. ఎవరూ బాధపడకండి.

లెక్చరర్ సార్ చెప్పిన అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. మన దేశంలో పెద్దవాళ్లలో పైనున్న పది శాతంలో చేరాలంటే ఏడాదికి సుమారు 2 లక్షల 90 వేలు చాలు. హౌసింగ్ బోర్డు అన్నా, నీ ఏడాది జీతం ఎనిమిది లక్షల పైన. వదినది రెండు లక్షల అరవై నాలుగు వేలు, ఆమె కూడా ఆ గీత దగ్గరే ఉంది. అంటే నువ్వు మధ్యలో లేవు. పైనున్న పది శాతంలో ఉన్నవ్.

మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టి, కంపెనీ తిరగ్గొట్టినవి పోను వెయ్యి బీడీలకు లెక్క. బాపుకు రెండెకరాల పొలం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే నేను ఇంజనీరింగ్ గడప తొక్కేవాణ్ని కాదు. మా వాడలో ఇంజనీరింగ్ పాసైన మొదటి పిల్లగాణ్ని నేనే. మాలాంటోళ్లకు గడిచిన ముప్పై ఏళ్లు దిగజారిన కాలం కాదు, తలెత్తుకున్న కాలం. 1993 మంచి రోజులని మీరంటుంటే, మా అమ్మ వేళ్లు గుర్తొచ్చి మనసుకు కష్టమైతది. ఆ మంచి రోజుల్లో మేం లేం.

5. హౌసింగ్ బోర్డు కాలనీ

మానేరు తమ్ముడూ, నువ్వన్నది రెండుసార్లు చదివాను. పైనున్న పది శాతంలో ఉన్నానని నాకు నిజంగా తెలియదు. చదివాక సంతోషం కలగలేదు, భయమేసింది. నెలాఖరుకు తాకట్టు వడ్డీ కోసం వెతుక్కునేవాడు పైనుంటే కిందవాళ్ల సంగతేమిటి?

మా నాన్న కాలం అందరికీ మంచిదని నేను అనను. ఆయనకున్న ఆ కాస్త నిలకడ మీ అమ్మగారికి కూడా దొరకాలి. దొరకలేదు. ఆ తర్వాత నా దగ్గర్నుంచి కూడా పోయింది. నా బాధ ఇదీ.

6. కూకట్‌పల్లి 2019 బ్యాచ్

నేనూ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తోనే చదివాను అన్నా, 2019లో పాసయ్యాను. మానేరు అన్న ఎక్కిన మెట్టు మాకు అందలేదు. ఫ్రెషర్‌కు ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు అనేది మా సీనియర్ల సీనియర్ల కాలం నుంచి ఉన్న మాటే. మేం బయటికొచ్చేటప్పటికీ అంతే. రూమ్ అద్దె మాత్రం అప్పటి అద్దె కాదు.

మాదాపూర్‌లో ఒక సపోర్ట్ కంపెనీలో నైట్ షిఫ్టు చేశాను. 2023లో టీమ్ మొత్తాన్ని తీసేశారు. అప్పటినుంచి ఫుడ్ డెలివరీ. నిన్నటి లెక్క చెబుతాను. పొద్దున పదిన్నరకు లాగిన్, రాత్రి పదకొండుంపావుకు లాగౌట్. 24 ఆర్డర్లు. వచ్చింది 1,050. పెట్రోలు 260. మధ్యాహ్నం భోజనం, రెండు టీలు 130. మిగిలింది 660. అందులోంచే బండి కిస్తీ, ఫోన్ రీచార్జ్, టైర్లు, సర్వీసింగు. ఇన్సెంటివ్ రావాలంటే ఇంకో రెండు ఆర్డర్లు పడాలి. అవి పడలేదు. వానొస్తే ఆర్డర్లు ఎక్కువ, అందుకే వాన కోసం చూస్తాను. వానొస్తే బండి జారుతుందని కూడా తెలుసు.

వైద్యం పద్దు గురించి ఆడిటర్ సార్ అన్నారు కదా. నాకు ఉద్యోగమున్నప్పుడు జీతం 22,500. ఇఎస్‌ఐకి, అంటే ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమాకు, జీతం హద్దు 21,000. పదిహేను వందలు ఎక్కువైనందుకు నాకు ఇఎస్‌ఐ లేకుండా పోయింది. ఉండుంటే మా నాన్న గుండె ఆపరేషన్ అందులో అయ్యేది. ఆ అప్పు ఇప్పటికీ తీరుస్తున్నాను. ఇప్పుడైతే నేను ఉద్యోగినే కాదట, పార్ట్‌నర్‌నట.

7. లెక్చరర్_వరంగల్

తమ్ముడూ, జాగ్రత్తగా నడుపు.

ఆ 21,000 హద్దు 2017 జనవరిలో పెట్టింది. ఇన్నేళ్ల ధరల పెరుగుదల తర్వాత కూడా అదే పట్టుకుని కూర్చున్నారు. పీఎఫ్‌కు 15,000 హద్దు 2014 సెప్టెంబరుది. హద్దు కదలదు, జీతం అంకె కొద్దికొద్దిగా పెరుగుతుంది, ఏడాదికేడాది కొంతమంది గీత దాటి బయట పడతారు. ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే రక్షణ ఇలా ఊడిపోతుంది.

సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. మీలాంటి వాళ్ల కోసం యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలని అందులో ఉంది. మీ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోండి. ఇప్పటికిప్పుడు ఏమీ రాకపోయినా నమోదు ముఖ్యం.

కార్మిక సర్వేలు చూస్తే 2017-18లో పనిచేసేవాళ్లలో 52.2 శాతం స్వయం ఉపాధి, 2023-24 నాటికి 58.4. నెల జీతం వచ్చేవాళ్లు 22.8 నుంచి 21.7కి తగ్గారు. నెల జీతమే మధ్యతరగతికి పునాది అనుకుంటే, ఆ పునాది పెరగడం మానేసింది.

8. అనంత టీచర్

నా మాట కూడా రాయనివ్వండి. 2008 డీఎస్సీలో ఎంపికయ్యాను, ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బయటివాళ్లకు మేం జీతాలు బాగా వచ్చేవాళ్లం. ఆ మాట నిజమే, నేను కాదనను. కానీ 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లందరం సీపీఎస్, అంటే కంట్రిబ్యూటరీ పెన్షన్ వాళ్లం. ప్రతినెలా బేసిక్, డీఏల మీద పది శాతం కోస్తారు. రిటైరయ్యాక ఎంతొస్తుందో మార్కెట్ చెప్పాలి. మా స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీల్లో కూర్చునే ఇద్దరిలో ఒకరికి చచ్చేదాకా పెన్షన్ ఉంది, ఇంకొకరికి లేదు. ఆ ఇద్దరూ చెప్పేది ఒకే పాఠం.

మా అమ్మాయి ఇంటర్ విజయవాడలో కార్పొరేట్ కాలేజీలో హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాను. రెండేళ్లకు కలిపి ఐదు లక్షలవుతుంది.

9. మానేరు తీరం

మేడమ్, గౌరవంగానే అడుగుతున్నా. మీరే ప్రభుత్వ టీచర్. మీ పాపను ప్రభుత్వ కాలేజీలో ఎందుకు వేయలేదు? మీరు నమ్మని చోట మా అక్క పిల్లలు చదువుతున్నారు.

10. అనంత టీచర్

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

పదో తరగతి దాకా మా అమ్మాయి నా స్కూల్లోనే, నా క్లాసులోనే చదివింది. ఇంటర్‌కు వచ్చేసరికి మా ఊరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పోస్టు ఖాళీ. అడిగితే గెస్ట్ లెక్చరర్ వస్తారన్నారు, ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. ఫిజిక్స్ చెప్పేవారు లేనిచోట బైపీసీ పిల్లను ఎలా వేయను? డబ్బున్నదాన్ని కాబట్టి తప్పించుకున్నాను. డబ్బు లేని తల్లి అదే ఖాళీ కుర్చీ ముందు తన బిడ్డను కూర్చోబెట్టింది. నాలాంటివాళ్లం బయటికి రావడంతో ఆ పోస్టు ఎందుకు నింపరని గట్టిగా అడిగేవాళ్లు కూడా కాలేజీలో మిగల్లేదు. ఈ తప్పులో నా భాగం ఉంది, ఒప్పుకుంటున్నాను.

11. వాల్తేరు అప్‌ల్యాండ్స్

కాస్త భిన్నంగా చెబుతాను. మరీ అంత చీకటిగా లేదండి. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు పల్లెల్లో 4,122, పట్టణాల్లో 6,996. 2011-12లో పట్టణం ఖర్చు పల్లె కంటే 84 శాతం ఎక్కువ, ఇప్పుడు 70 శాతం. ఖర్చులో అసమానత కూడా కొంత తగ్గిందనే ఆ సర్వే చెబుతోంది. మన రెండు రాష్ట్రాలూ దేశ సగటు కంటే పైనే ఉన్నాయి. మా నాన్న చెప్పులు లేకుండా స్కూలుకెళ్లాడు. ఈరోజు మా ఊళ్లో చెప్పుల్లేని పిల్లాడు కనిపించడు.

12. లెక్చరర్_వరంగల్

వాల్తేరు గారూ, మీరు చెప్పినవి సరైన అంకెలే. పేదరికం తగ్గడం, అసమానత పెరగడం ఒకేసారి జరగొచ్చు, వాటి మధ్య పేచీ లేదు. పైగా ఇంటింటికీ తిరిగే సర్వేవాళ్లకు గేటెడ్ విల్లాల గేట్లు అంత సులువుగా తెరుచుకోవు. కోట్లు సంపాదించేవాడు పప్పు, ఉప్పు మీద పెట్టేది ఎంతని? అతని సంపాదన షేర్లలో, భూమిలో ఉంటుంది. ఖర్చు లెక్క వేరు, ఆస్తి లెక్క వేరు.

ఖర్చు పెరిగిందంటున్నాం కదా, ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి. రిజర్వ్ బ్యాంకు లెక్క ప్రకారం 2020-21లో దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు (అప్పులు పోను మిగిలేది) జీడీపీలో 11 శాతం పైన. రెండేళ్లకే, 2022-23లో, సుమారు 5 శాతానికి పడిపోయింది. కరోనా ఏడాది పొదుపు మామూలు కంటే ఎక్కువే, అది తీసేసి చూసినా దాదాపు ఐదు దశాబ్దాల్లో ఇంత తక్కువ లేదు. ఆర్డీ 300 అని రాసుకున్న మనిషి కొడుకు తాకట్టు వడ్డీ రాసుకుంటున్నాడు. రిజర్వ్ బ్యాంకు అంకెకు అర్థం అదే.

13. రాజమండ్రి ఆడిటర్

పన్నుల సంగతి చెప్పకుండా ఉండలేను. ప్రతి మార్చిలో నా ఆఫీసు ముందు కూర్చునేవాళ్లు జీతగాళ్లే.

2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు. జీతగాళ్లకైతే స్టాండర్డ్ డిడక్షన్‌తో 12,75,000. మంచి ఊరట, కాదనను. కానీ వెనక్కి చూడండి. 1985లో వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ ఎత్తేశారు. 2015 బడ్జెట్‌లో సంపద పన్ను ఎత్తేశారు, బదులుగా బాగా ఎక్కువ ఆదాయమున్నవాళ్ల మీద సర్‌చార్జీ కొంచెం పెంచారు. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. ఈమధ్య వ్యక్తులు కట్టే ఆదాయ పన్ను మొత్తం కంపెనీలు కట్టేదాన్ని దాటిపోయింది. ఇక జీఎస్టీ సబ్బు కొన్న కూలీకి, నాకు, కోటీశ్వరుడికి ఒకటే.

2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు వేలం పోయింది. అది అమ్మింది ప్రభుత్వ సంస్థే. హౌసింగ్ బోర్డు గారూ, మీ నాన్నగారికి నెలకు 310 కిస్తీ మీద ఇల్లిచ్చింది కూడా ప్రభుత్వ సంస్థే. ముప్పై ఏళ్లలో ఏం మారిందంటే నేను ఈ రెండు మాటలే చెబుతాను. అప్పుడు ప్రభుత్వం టర్నర్‌కు ఇల్లు కట్టిచ్చేది. ఇప్పుడు ఎక్కువ పాడినవాడికి భూమి అమ్ముతోంది. ఆ వేలం ధర పక్కనున్న ప్రతి గజానికీ పాకుతుంది, బాచుపల్లిలో మీ ఈఎంఐ దాకా.

14. నరసాపురం

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఒక్క సంగతి అందరూ దాటేస్తున్నారు.

ఒక్క జీతంతో ఇల్లు గడిచింది అంటున్నారు. బాబూ, మీ అమ్మగారిని అడిగారా?

మా అమ్మమ్మ, అమ్మ లేసు అల్లేవారు. మధ్యాహ్నం వంట గిన్నెలు కడిగేసి అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా చేతులు ఆగేవి కావు. ఆ లేసు ఏయే దేశాలకో పోయేది. ఏజెంటు వచ్చి దారం ఉండలిచ్చి, అల్లినవి పట్టుకెళ్లేవాడు. ఆ డబ్బుతోనే మా పుస్తకాలు, పండక్కి గౌన్లు, తాతయ్య చుట్టలు. కానీ జనాభా లెక్కలవాళ్లొస్తే తాతయ్య ఏం చెప్పేవాడో తెలుసా? ఆడవాళ్లు ఇంట్లోనే ఉంటారండి, ఏ పనీ చేయరు అనేవాడు. మానేరు అబ్బాయి అమ్మగారి బీడీలు అయినా వెయ్యి లెక్కన కంపెనీ కార్డులో ఎక్కుంటాయి. మా అమ్మ లేసు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

మీ నాన్నగారి పద్దులో జమ వైపు ఒక్క జీతమే ఉందంటే, ఇంటికి వచ్చింది అదొక్కటే అని అర్థం కాదు. ఆయన రాసింది అదొక్కటే అని అర్థం.

15. డల్లాస్ తెలుగు

నరసాపురం అమ్మా, మీ మాట చదివాక మా ఇంట్లో ఇదే చర్చ.

ఇక్కడా ఇదే కథ నడుస్తోంది. అమెరికాలో 1971లో పెద్దవాళ్లలో 61 శాతం మధ్య ఆదాయ కుటుంబాల్లో ఉంటే 2023కి 51 శాతమని ప్యూ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ లెక్క. వాళ్లలో కొందరు పైకి పోయారు, కొందరు కిందికి జారారు. మా వీధిలో రిటైరైన ఒక మెకానిక్ ఒక్క జీతంతో ఇల్లు కొన్నాడు. ఇద్దరు పిల్లల డే కేర్‌కే మా ఆవిడ జీతంలో సగం పోతోంది.

ఇంకో మాట ఒప్పుకోవాలి. మేం పంపిన డాలర్లతో గుంటూరు చుట్టుపక్కల, ఇటు హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు కొన్నాం. అక్కడ ఉండం, అద్దెకివ్వం, ధర పెరుగుతుందని పెట్టుకున్నాం. అక్కడే ఉద్యోగం చేసుకునే మా తమ్ముడికి అదే ఊళ్లో వంద గజాలు కొనే శక్తి లేదు. తమ్ముడి ముందు ఈ మాట ఎప్పుడూ అనలేకపోయాను. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా అర్జీలకు లక్ష డాలర్ల రుసుము పెట్టాక మా బంధువుల్లో ముగ్గురు పిల్లల ఆశ ఆగిపోయింది. పిల్లల్ని అమెరికా పంపడమే దారి అని అప్పు చేసి కూర్చున్న ఇళ్లకు ఇప్పుడు నిద్ర లేదు.

16. హౌసింగ్ బోర్డు కాలనీ

నరసాపురం అమ్మా, మీరడిగారని నిన్న రాత్రి అమ్మ పక్కన కూర్చుని పుస్తకాలన్నీ తిరగేశాను.

"నువ్వు స్కూలు నుంచొచ్చి ఎవరి మిషను చప్పుడులో హోంవర్కు చేసేవాడివిరా?" అంది. నాకు గుర్తుంది. గుర్తుండీ ఆ మిషనును లెక్కలోకి తేలేదు. జాకెట్టుకు 12 రూపాయలు, లంగాకు 8, ఫాలు కుడితే 5. నెలకు మూడు నాలుగు వందలు వచ్చేవట. పండగ నెలల్లో ఆరొందలు. కూరగాయలు, మా మందులు, వచ్చేపోయే చుట్టాలు, అక్క ట్యూషను, అన్నీ అందులోంచే. ఆ డబ్బు పోపుల డబ్బాలో ఉండేది. నాన్న పుస్తకంలో కూరగాయల పద్దు ఎందుకు లేదో నాకు 46 ఏళ్లకు తెలిసింది.

తర్వాత వైద్యం పద్దు వెతికాం. 1994 నవంబర్‌లో అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. సనత్‌నగర్ ఇఎస్‌ఐ ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉంది. ఆ నెల పేజీలో ఆస్పత్రి కింద రాసింది ఇదీ:

బస్సు, రానుపోను, 11 రోజులు: 66
బత్తాయిలు, బ్రెడ్డు: 41
ఆయా చేతిలో: 10
ఇంటికి ఆటో: 30

మొత్తం 147. అంతే. ఆపరేషన్‌కు పద్దు లేదు. మందులకు లేదు. మంచానికి లేదు. అప్పుడు ఇఎస్‌ఐ హద్దు 3,000, నాన్న జీతం దాని లోపు. పోయినేడు అదే అమ్మకు నేను కట్టింది 3,85,000.

స్కూలు ఫీజు పద్దూ లేదు, మేం చదివింది ప్రభుత్వ హైస్కూలు. మాకు లెక్కలు చెప్పిన సారు సాయంత్రం ఉచితంగా ఇంకో గంట చెప్పేవారు. నాన్న జీతం పెద్దదేం కాదు. అమ్మ మిషను, ఇఎస్‌ఐ, ప్రభుత్వ బడి, హౌసింగ్ బోర్డు, ఈ నాలుగూ జమలో రాయకుండానే ఉన్నాయి. నా పద్దులో అవే నాలుగు వరసలు ఖర్చు వైపుకు వచ్చి కూర్చున్నాయి. ఒక్క మిషను తప్ప. దాని బదులు మా ఆవిడ స్కూల్లో నిలబడి పాఠం చెప్పి, వచ్చి వంట చేసి, రాత్రి పది దాకా పేపర్లు దిద్దుతోంది.

17. కూకట్‌పల్లి 2019 బ్యాచ్

అన్నా, 147 దగ్గర ఆగిపోయాను.

18. రాజమండ్రి ఆడిటర్

మీ అమ్మగారి వయసెంత? 70 దాటి ఉంటే ఆయుష్మాన్ వయో వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబర్‌లో మొదలైంది. ఆదాయంతో పని లేదు, తెల్ల కార్డుతో పని లేదు, ఆధార్ చాలు. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, పథకంలో చేరిన ఆస్పత్రుల్లో. ఇంట్లో 70 దాటినవాళ్లున్న అందరూ ఇవాళే చేయించండి.

19. హౌసింగ్ బోర్డు కాలనీ

72 అండీ. ఆస్పత్రిలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. నాకూ తెలియదు. రేపు శనివారం, ఆమెను కూర్చోబెట్టుకుని చేయిస్తాను.

20. మానేరు తీరం

అన్నా, ఆ రోజు కొంచెం గట్టిగా అన్నాను. అన్నమాట వెనక్కి తీసుకోను గానీ, మీ అమ్మ మిషను, మా అమ్మ చాట పక్కపక్కనే పెట్టి చూస్తున్నా ఇప్పుడు. మా ఊళ్లో ఆస్పత్రికి డాక్టర్ కావాలని, మా మండలం కాలేజీకి లెక్చరర్లు కావాలని అడిగేటప్పుడు మీలాంటోళ్లు కూడా వస్తే ఆ మాటకు బలం ఉంటది. మా అక్క వాళ్లు అడిగితే ఎవరూ వినడం లేదు.

21. అనంత టీచర్

మానేరు గారూ, మా ఊరి కాలేజీ ఫిజిక్స్ పోస్టు గురించి నేను, ఇంకో ఐదుగురు తల్లులం కలిసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. మా అమ్మాయి అక్కడ చదవకపోయినా ఇస్తున్నాను.

హౌసింగ్ బోర్డు గారూ, ఆ రెండు పేజీలు ఫోటో తీసి పెడతారా? ఎనిమిదో తరగతికి వచ్చే వారం శాతాలు చెప్పాలి. పుస్తకంలో లెక్కల్లో రాము మామిడిపండ్లు కొంటూ ఉంటాడు. వీళ్లు తమ ఇంటి లెక్క వేసుకోవాలని నా కోరిక.

22. హౌసింగ్ బోర్డు కాలనీ

తప్పకుండా పెడతాను మేడమ్. అమ్మ ఒక్క రోజు ఆగమంటోంది. 1993 ఆగస్టు పేజీలో జమ వైపు ఖాళీ ఉంది కదా, అక్కడ తన కుట్టు డబ్బులు తన చేత్తో రాస్తుందట. ఆ నెల రాఖీ పండగ, ఎన్ని జాకెట్లు కుట్టిందో లెక్క వేసుకుంటోంది.